పటానికి పూలదండ, పిలకాయకి చీపురుకట్ట

మన పడమటి మండలాల్లో ఏ బడికైనా పొండి. పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె, ఏ దిక్కుకైనా సరే. గోడల మీద పటాలకు కరువు లేదు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్, సర్వేపల్లి రాధాకృష్ణన్, అబ్దుల్ కలామ్. ఈమధ్య కొన్నిచోట్ల సావిత్రిబాయి ఫూలే కూడా. అంబేద్కర్ పటం సంగతి వేరు. అది చాలాచోట్ల దానంతటది రాలేదు, మన సంఘాల వాళ్ళు అడిగి, పట్టుబట్టి పెట్టించుకున్నదే. ఏప్రిల్ 5న జగ్జీవన్ రామ్‌కు ఒక దండ, 14న అంబేద్కర్‌కు ఒక దండ, సెప్టెంబరు 5న రాధాకృష్ణన్‌కు ఒక దండ. టెంకాయ కొడతారు. "మీరంతా బాగా చదివి వీళ్ళంతటి వాళ్ళు కావాల" అని పెద్దలు చెబుతారు. పిలకాయలకు తలా ఒక చాక్లెట్టు. కార్యక్రమం ముగిసింది.

ముగిసినాక కుర్చీలు ఎత్తేది ఎవరు? రాలిన పూలు చిమ్మేది ఎవరు? నీళ్ళ బిందె తెచ్చేదానికి ఎవరిని పిలుస్తారు, కక్కసు దొడ్డి కడిగేదానికి ఎవరిని పిలుస్తారు? మీ ఊరి బడిలో ఒక పూట నిలబడి చెవి పెట్టి వినండి. పిలిచే పేర్లు ఏ వాడవో మీకే తెలుస్తుంది. అన్ని బళ్ళనూ ఒకే గాటన కట్టడం లేదు. హాజరుపట్టీ వరస ప్రకారం అందరికీ పని పంచే అయివార్లు ఉన్నారు, అమ్మగార్లు ఉన్నారు. వాళ్ళకు చేతులెత్తి దండం పెడతాం. కానీ చీపురుకట్ట కంటికి కనపడని ఒక గీత వెంబడి నడిచి ఎస్సీ కాలనీ పిలకాయల చేతికే చేరుతుంటే, ఆ గోడమీది పటాలు ఎవరికి పాఠం చెబుతున్నట్టు?

మహనీయుల గురించి, మంచి పౌరసత్వం గురించి బడిలో చెప్పాల్సిందే. వద్దనేవాళ్ళం కాదు. మా తగాదా ఎట్లా చెబుతున్నారన్న దాని మీద.

అంబేద్కర్ పాఠం ఎట్లా ఉంటుంది? 1891లో పుట్టినాడు, పేదరికంలో పెరిగినాడు, రేయింబవళ్ళు చదివినాడు, పరదేశాలకు పోయి పెద్ద డిగ్రీలు తెచ్చినాడు, రాజ్యాంగం రాసినాడు. జగ్జీవన్ రామ్ పాఠం? కష్టపడి చదివినాడు, దశాబ్దాల పాటు కేంద్రంలో మంత్రిగా చేసినాడు, ఉప ప్రధాని అయినాడు. కలామ్ పాఠం? పేపర్లు వేసినాడు, రాకెట్లు చేసినాడు, రాష్ట్రపతి అయినాడు. అన్నీ నిచ్చెన కథలే. కింద పేదరికం, పైన పదవి, మధ్యలో కష్టం. ఆ నిచ్చెనను పట్టుకుని లాగిన చేతులు ఎవరివి? ఆ ముక్క మాత్రం పాఠంలో ఉండదు.

ఆ ముక్క తీసేస్తే మిగిలే నీతి ఒకటే. కష్టపడినోడు పైకి వస్తాడు, పైకి రాలేదంటే వాడు కష్టపడలేదు! ఈ నీతిని ఎస్సీ కాలనీ పిల్ల తన ఇంటికి తీసుకుపోతుంది. పొద్దున నాలుగు గంటలకు లేచి టమోటా కోతకు పోయే అమ్మను చూస్తుంది. రాతి క్వారీలో నడుము ఒంగిన నాయనను చూస్తుంది. బెంగుళూరుకు పోయి ఎవరి మేడకో ఇటుకలు మోసే అన్నను చూస్తుంది. వీళ్ళు కష్టపడలేదా? పడ్డారు. మరి పైకి ఎందుకు రాలేదు? పాఠం జవాబు చెప్పదు. జవాబు లేనప్పుడు ఆ పిల్ల తన వాళ్ళనే తక్కువ చేసుకుంటుంది. ఇది చదువు కాదు, చదువు పేరుతో పెట్టే వాత.

కాబట్టి మేం చెప్పేది ఒక్కటే. ఆ పటాల్లో ఉన్నవాళ్ళు పెద్దయినాక మహనీయులు కాలేదు. వాళ్ళలో చాలామంది పోరాటం బడిలోనే మొదలయింది. నీళ్ళ కాడ, బెంచీ కాడ, బడికి పోయే దారిలో. సరిగ్గా ఆ ముక్కే మన పిలకాయలకు చెప్పాల.

సతారా బడిలో పిల్లవాడు భీమ్‌రావ్ కూర్చునేదానికి తన గోనెపట్ట తానే ఇంటి నుంచి తెచ్చుకున్నాడు, సాయంత్రం తానే మోసుకుపోయినాడు. ఆ పట్టను ముట్టుకునేదానికి బడి ఊడ్చేవాడు కూడా ఒప్పుకోలేదు. దాహమైతే కొళాయి తానుగా తిప్పుకునే వీలు లేదు. బడి ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు. ప్యూను రాని రోజు ఎండు గొంతుతో ఇంటికి పోవాల్సిందే. ఇవన్నీ ఆయనే స్వయంగా రాసి పెట్టిన సంగతులు. వీధి దీపం కింద చదివిన కథ చెప్పే నోరు ఈ కొళాయి కథ ఎందుకు చెప్పదు?

జగ్జీవన్ రామ్ 1920ల మొదట్లో బీహారులోని ఆరా పట్టణంలో హైస్కూల్లో చదివినాడు. అంటరాని కులాల పిల్లలకని అక్కడ ప్రత్యేకంగా ఒక కుండ పెట్టినారు. ఆ పిల్లవాడు దాన్ని పగలగొట్టినాడు. మళ్ళీ పెట్టినారు, మళ్ళీ పగలగొట్టినాడు. చివరికి ఆ వేరు కుండ పెట్టడమే మానుకున్నారు. ఉప ప్రధాని అయిన సంగతి గొప్పదే. కానీ ఎనిమిదో తరగతి పిల్లవానికి ఉప ప్రధాని పదవి అందదు. కుండ మీదికి విసిరే రాయి అందుతుంది. అందుకేనేమో ఆ కథ చెప్పేదానికి భయపడతారు!

కలామ్ కథ వినండి. రామేశ్వరంలో అయిదో తరగతి. టోపీ పెట్టుకున్న కలామ్, జంధ్యం వేసుకున్న పూజారి కొడుకు రామనాథ శాస్త్రి ముందు బెంచీలో పక్కపక్కన కూర్చునేవాళ్ళు. కొత్తగా వచ్చిన అయివారికి అది కంటగింపయింది. కలామ్‌ను వెనక బెంచీకి పంపించినాడు. పిల్లలిద్దరూ కుమిలిపోయినారు, ఇంట్లో చెప్పినారు. రామనాథుని తండ్రి లక్ష్మణ శాస్త్రి, పెద్ద గుడి పూజారి, ఆ అయివారిని పిలిపించి పసిపిల్లల మనసులో విషం పోయవద్దని గట్టిగా మందలించినాడు. అయివారు తప్పు తెలుసుకున్నాడు. కలామ్ తన జీవితకథలో రాసుకున్న సంగతి ఇది. ప్రతిభా పురస్కారాలకు కలామ్ పేరు పెట్టుకున్నాం, మంచిదే. ఆయన్ను వెనక్కి నెట్టిన బెంచీ కథ ఎన్ని తరగతి గదుల్లో చెప్పినాం?

సావిత్రిబాయి 1848లో పుణేలో ఆడపిల్లలకు బడి పెడితే, దారిలో ఆమె మీద బురద చల్లినారు, పేడ విసిరినారు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని పోయింది. బడిలో చీర మార్చుకుని పాఠం చెప్పింది. ఆ రెండో చీర మాట చెబితే చాలు, మనూరి ఆడపిల్లకు ఇంక ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు మంచి పౌరుడు అంటే ఎవరో చూద్దాం. మన పుస్తకాల ప్రకారం మంచి పౌరుడు చట్టానికి లోబడతాడు, పెద్దల మాట వింటాడు, వరసలో నిలబడతాడు, చెత్త బుట్టలో వేస్తాడు, జెండాకు వందనం చేస్తాడు. బాగుంది. ఆ కొలబద్దతోనే మహద్ చెరువును కొలవండి.

1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. సర్కారు ఖర్చుతో నడిచే చెరువులు, బావులు, బళ్ళు అంటరాని వాళ్ళకూ తెరిచి ఉండాలని. మహద్ మునిసిపాలిటీ 1924లో తన చవదార్ చెరువును అందరికీ తెరిచినట్టు తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. గట్టు మీద మాత్రం తెరుచుకోలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్ళు దోసిట పట్టి తాగినాడు. అంటే చేసిందేమిటి? చట్టం ఇచ్చిన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, అంతే. తిరిగి వస్తున్న వాళ్ళను కర్రలతో కొట్టింది ఎవరు? చెరువు మైలపడిందని 108 కుండల పేడ, మూత్రం, పాలు, పెరుగు కుమ్మరించింది ఎవరు? చట్టాన్ని కాలరాసినవాళ్ళు వాళ్ళే. ఆ డిసెంబరులో మళ్ళీ నీళ్ళు తాగేదానికి జనం చేరితే కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చినారు. అంబేద్కర్ ఆ ఉత్తర్వుకు కట్టుబడి చెరువులో దిగలేదు. డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టినాడు, కోర్టులో కొట్లాడినాడు. పదేళ్ళకు, 1937 మార్చిలో, బొంబాయి హైకోర్టులో గెలిచినాడు.

చట్టం, కోర్టు, ఓర్పు, తెగువ, అన్నీ ఈ ఒక్క కథలో ఉన్నాయి. పౌరశాస్త్రం పుస్తకంలో ఇంతకంటే మంచి పాఠం ఏముంది? బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో ఎవరినీ కులం పేరుతో అడ్డుకోరాదని మన రాజ్యాంగం 15వ అధికరణలో రాసి ఉంది. అంటరానితనాన్ని 17వ అధికరణ రద్దు చేసింది. ఆ రెండు అధికరణలను బట్టీ పట్టించి మార్కులు వేస్తారు. మహద్ గట్టు మీద తగిలిన దెబ్బలను చెప్పకుండా అధికరణ నంబరు చెబితే, పిలకాయ తలలో నంబరే మిగులుతుంది.

మహద్ దూరమనుకుంటే మన తెలుగు నేలకే రండి. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులైలో, మాదిగలు తాగే మంచినీళ్ళ చెరువు కాడ పెత్తందారీ కులం కుర్రవాడు బర్రెను కడిగి నీళ్ళు పాడు చేసినాడు. అడిగిన దళిత యువకుణ్ణి కొట్టినారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త తనను కొట్టవచ్చిన వాళ్ళ మీదికి బిందె ఎత్తింది. మరునాడు, జులై 17న, ఊరు మీదపడి ఆరుగురిని చంపింది. ఆ నెత్తుటిలో నుంచే ఆ ఏడాది సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. నీళ్ళు పాడు చేయొద్దని అడగడం పౌరధర్మం కాదా? బహిరంగ నీటి వనరును కాపాడిన సువార్త మంచి పౌరురాలు కాదా? ఆమె పటం ఏ గోడమీద ఉంది?

"బడిలో కులం మాట ఎందుకప్పా? పసిపిల్లల మధ్య చిచ్చు పెట్టడమే కదా" అని కొందరు అయివార్లు అంటారు. మంచి మనసుతోనే అనేవాళ్ళూ ఉన్నారు కాబట్టి నెమ్మదిగానే జవాబు చెబుదాం. అయ్యా, మీరు చెప్పకముందే పిల్లలకు కులం తెలుసు. ఎవరింట్లో గడప దాటొచ్చు, ఎవరింట్లో దాటకూడదు, ఎవరి గ్లాసు ఎక్కడ పెడతారు, గుడి కాడ ఎంత దూరం నిలబడాల, ఈ పాఠాలన్నీ బడికి రాకముందే నేర్చుకుని వస్తారు. రామేశ్వరం బడిలో చిచ్చు పెట్టింది బెంచీ మార్చిన అయివారా, పిలిచి అడిగిన పూజారా? మాట్లాడినందువల్ల ఆ చిచ్చు ఆరింది. మాట్లాడకుండా ఉంటే ఆ ఇద్దరు పిల్లలూ జీవితాంతం వేరువేరు బెంచీల మీదే ఉండిపోయేవాళ్ళు. రెడ్డిగారి పిల్లవానికి కూడా ఈ కథ కావాల. వానికి లక్ష్మణ శాస్త్రి లాంటి పెద్దమనిషి అయ్యే దారి చూపించండి. వాని మీద మాకు పగ లేదు.

ఇంకో మాట కూడా అంటారు. "చీపురు పట్టుకుంటే తప్పేమిటి? గాంధీగారు పట్టుకోలేదా? శ్రమ గౌరవం నేర్చుకోవద్దా?" నేర్చుకోవాల్సిందే. శ్రమ గౌరవం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, తరతరాలుగా చేతుల్లో కాయలు కాసి ఉన్నాయి. నేర్చుకోవాల్సింది మిగతావాళ్ళు. అందుకే అడుగుతున్నాం. హాజరుపట్టీలో ఒకటో నంబరు నుంచి చివరి నంబరు దాకా అందరికీ వరస పెట్టండి. మగపిల్లవాడూ చిమ్మాల, ఆడపిల్లా చిమ్మాల, సర్పంచి కొడుకూ చిమ్మాల. కక్కసు దొడ్లు మాత్రం ఏ పిల్లా కడగరాదు. దానికి జీతమిచ్చి మనిషిని పెట్టాల.

మధ్యాహ్న భోజనం సంగతి చూడండి. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. కోనసీమలో లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిన తల్లి ఆమె. మంచి పేరే. వంటవాళ్ళను పెట్టుకునేటప్పుడు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఎందుకు చెప్పింది? ఆ చేతి బువ్వ అందరు పిల్లలూ కలిసి కూర్చుని తింటే, అదే దేశంలోకెల్లా పెద్ద పౌరనీతి పాఠం కాబట్టి. మీ ఊరి బడిలో వంట ఎవరు చేస్తున్నారు? దళిత మహిళ వండితే మా పిల్లలు తినరని ఎవరైనా అంటున్నారా? పిల్లలు ఎక్కడెక్కడ కూర్చుంటున్నారు? సీతమ్మ పేరు బోర్డు మీద ఉంటే చాలదు, ఆ పంక్తిలోనూ ఉండాల.

మంచి మాటలకు మన తెలుగు వాళ్ళకు కొదవ లేదు. దేశమంతా బడిపిల్లలు చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞను 1962లో రాసింది తెలుగువాడే, నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. జాతీయగీతాన్ని రవీంద్రనాథ్ టాగూర్ ఇంగ్లీషులోకి మార్చింది మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలోనే, 1919 ఫిబ్రవరిలో. పక్కూరి గొప్ప కాబట్టి పిలకాయలకు చెప్పుకుందాం. కానీ పొద్దున తొమ్మిదికి దేశంలో అందరూ తోబుట్టువులేనని ప్రతిజ్ఞ చేసిన నోరు, పదిన్నరకు తోటిపిల్లను కులం పేరుతో పిలిస్తే ఆ ప్రతిజ్ఞ ఏ గాలికి పోయినట్టు? పౌరుల ప్రాథమిక విధులని 1976లో రాజ్యాంగంలో చేర్చినారు. అందులో మొట్టమొదటి విధి చదవండి. ముందు రాజ్యాంగానికి కట్టుబడాలని, దాని ఆదర్శాలను గౌరవించాలని ఉంది. ఆ తర్వాతే జెండా, జాతీయగీతం. మనం వెనకదాన్ని ముందుకు తెచ్చి, ముందుదాన్ని మరిచినాం.

ఇక మన ఇంటి సంగతి. సంఘాల్లో పనిచేసే అన్నలకు, తమ్ముళ్ళకు, అక్కచెల్లెళ్ళకు కూడా ఒక మాట. మనమూ పటం దగ్గరే ఆగిపోతున్నామేమో చూసుకోవాల. విగ్రహం ఎన్ని అడుగులు, ఎవరు ఆవిష్కరిస్తారు, శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు, వీటికే రాత్రులు తెల్లారిపోతున్నాయి. ఒక వాడ వాళ్ళు ఏప్రిల్ 5 తమదంటారు, ఇంకో వాడ వాళ్ళు ఏప్రిల్ 14 తమదంటారు. కుండ పగలగొట్టిన పిల్లవాడు, కొళాయి కాడ ఎండిన గొంతుతో నిలబడిన పిల్లవాడు వేరువేరా? ఇద్దరి దాహమూ ఒకటే కదా. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగంలో అంబేద్కరే హెచ్చరించినాడు. రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి, నియంతృత్వానికి దారి తీస్తుందని. ఆ మాట తనకు వర్తించదని ఆయన అనలేదు. ఆయన్ను దేవుణ్ణి చేసి టెంకాయ కొట్టి ఇంటికి పోవడం సులువు. ఆయన అడిగినట్టు అడగడం కష్టం. పిలకాయలకు ఆ కష్టమే నేర్పాల.

భాగ్యరెడ్డి వర్మ పేరు మన పిలకాయల్లో ఎందరికి తెలుసు? హైదరాబాదులో మన పిల్లల కోసం బళ్ళు పెట్టినాయన. 1917లో బెజవాడ సభకు ఆయన అధ్యక్షత వహిస్తే, అక్కడే పంచములనే మాటను తోసేసి ఆది ఆంధ్రులమని మనవాళ్ళు పేరు పెట్టుకున్నారు. ఎస్సీ కులాల జాబితాలో ఆ పేరు ఇప్పటికీ ఉంది. కులం సర్టిఫికెట్టుకు తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పిల్లవానికి, ఆ కాగితం మీది మాట వెనక ఇంత ఆత్మగౌరవం ఉందని చెప్పినవాళ్ళు లేరు. మన సంఘం సాయంత్రం బడిలో అయినా చెప్పొద్దా?

కాబట్టి ఊరూరా ఈ పనులు పెట్టుకుందాం.

ఒకటి. బడి తల్లిదండ్రుల కమిటీలోకి పోదాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడవాళ్ళుండాల, బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ళ సంఖ్యకు తగ్గట్టు చోటుండాల. ఎవరో రాసిన తీర్మానం మీద వేలిముద్ర వేసి రావద్దు. చదివించుకుని, అర్థమయినాకే సంతకం పెట్టండి.

రెండు. ఆ కమిటీలో మూడు సంగతులు అడుగుదాం. చిమ్మే పని వరస ఎట్లా ఉంది? నీళ్ళు, భోజనం కాడ పంక్తి ఎట్లా ఉంది? ముందు బెంచీ, వెనక బెంచీ ఎవరు నిర్ణయిస్తున్నారు? పిల్లలను కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం అదే చట్టం కింద నేరం లాంటి తప్పు, శాఖాపరమైన చర్య ఉంటుంది. ఈ సంగతి మర్యాదగా గుర్తు చేద్దాం.

మూడు. జయంతి రోజున ఉపన్యాసాలు తగ్గిద్దాం. మహద్ చెరువును, ఆరా కుండను, రామేశ్వరం బెంచీని, సావిత్రిబాయి రెండో చీరను పిలకాయల చేత నాటకం కట్టిద్దాం. అన్ని కులాల పిల్లలూ అన్ని వేషాలూ వేయాల. బురద చల్లినోని వేషం ఒకరోజు, బురద పడినామె వేషం ఒకరోజు.

నాలుగు. ప్రతి పిల్లా తన ఇంట్లో, తన వాడలో ఒక మనిషిని గురించి రాసుకురావాల. కోలారు బంగారు గనుల్లోకి దిగిన తాత కావచ్చు, కూలి రేటు కోసం నిలబడిన అవ్వ కావచ్చు, డీకేటీ పట్టా భూమి పోనీయకుండా ఆఫీసుల చుట్టూ తిరిగిన నాయన కావచ్చు. వాళ్ళు దేనికి ఎదురు నిలిచినారో రాయాల. అప్పుడు తెలుస్తుంది, మహనీయుల వరస తన ఇంటిదాకా వచ్చిందని.

అయివార్లూ, అమ్మగార్లూ! మీతో మాకు వైరం లేదు. మా పిలకాయల బతుకు మీ చేతుల్లో ఉంది. వాళ్ళను వాళ్ళంతటి వాళ్ళు కమ్మని దీవించేముందు, వాళ్ళు చేసిన పని ఏమిటో చెప్పండి. "నీళ్ళు నేనే ముంచుకుంటా సార్" అని ఏ పిల్లయినా లేచి అన్నరోజు కసురుకోవద్దు. మీరు చెప్పిన పాఠం ఆ పిల్లకు వచ్చిందని మార్కులు వేయండి.

జై భీమ్.